సాక్ష్యం లేని దయ

సీయోను కొండ ప్రార్థన మందిరం ఉన్న ఊళ్ళో కొండ లేదు. ఊరంతటికీ ఎత్తయిన చోటు ఏదైనా ఉందంటే అది రైలు పట్టాల మీద కట్టిన వంతెన ఒక్కటే. ఆ వంతెన కట్టిన ఇంజనీరు ఎవరో గానీ, ఆయన జన్మలో తోపుడు బండి తొయ్యలేదని మాత్రం ఊరందరికీ తెలుసు. చేతులూపుకుంటూ నడిచే మనిషి కూడా సగంలో ఆగి, ఏదో జ్ఞాపకం వచ్చినట్టు నటించి, ఊపిరి పీల్చుకోవలసినంత ఏటవాలు. ఇవతల పాత ఊరు, అవతల రైతుబజారు. కాయో పండో అమ్ముకునే వాళ్ళంతా తెల్లారేసరికి ఆ వాలు ఎక్కి దిగాలి. లేదంటే గేటు దారిన చుట్టు తిరిగి వెళ్ళాలి. ఆ గేటు దగ్గర గూడ్సు బండి ఆగిందంటే అది మళ్ళీ ఎప్పుడు కదులుతుందో దాని డ్రైవరుకే తెలియదు.

దీవెనకి ఆ వంతెనంటే ఇష్టం. ఆమె బీఈడీ చదువుతోంది. కాలేజీ బస్సు వంతెన అవతల ఆగుతుంది కాబట్టి రోజూ పొద్దున్నే ఆ వాలు ఎక్కేది. ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒకనాడు పుచ్చకాయల అంకమ్మ బండి సరిగ్గా సగంలో, పైకీ పోక కిందికీ రాక, మొండికేసి నిలబడటం చూసింది. ఎత్తు మీద వెనకనుంచి తోస్తే కాయలు మీదికి దొర్లుతాయని అంకమ్మ ముందు నిలబడి, తాడు భుజాన వేసుకుని లాగుతుంది. దీవెన తన టిఫిను డబ్బా తీసి కాయల మధ్య పెట్టి, చున్నీ నడుముకి చుట్టుకుని వెనకనుంచి ఒక తోపు తోసింది. బండి కదిలింది. అంకమ్మ వెనక్కి తిరగలేదు. పైకెక్కి చక్రానికి రాయి అడ్డం పెట్టాకే తిరిగి చూసింది.

"ఎవురమ్మాయ్ నువ్వు? తోసేటప్పుడే పలకొచ్చుగా."

"నువ్వే వెనక్కి చూళ్ళేదుగా అక్కా."

"నేను వెనక్కి చూస్తే బండి కూడా వెనక్కే చూసుద్ది" అంది అంకమ్మ, చెమట తుడుచుకుంటూ.

అప్పటినుంచి అది అలవాటయింది. దీవెన వెంట ఎలీషా వచ్చాడు. ఎలీషా ఆమె వెళ్ళే మందిరం సంఘంలోనే గిటారు వాయిస్తాడు. బండి తోస్తే చేతులు కాయలు కాస్తాయని మొదట బెంగపడ్డాడు గానీ, తోశాక ఆ కాయలనే అందరికీ చూపించుకుని తిరిగాడు. వాళ్ళని చూసి సంఘం యూత్‌లో ఇంకొందరు వచ్చారు. వంతెన ఎక్కలేక మూలిగే ఖాసిం ఆటోని తోసేవారు, సంచులు మోసేవారు, దప్పికన్న వాళ్ళకి నీళ్ళిచ్చేవారు. దేవుడి పేరు ఎవరూ ఎత్తలేదు. ఎవరైనా అడిగితే చెప్పేవారు, అడక్కపోతే తోసి ఊరుకునేవారు. కాలేజీకి సెలవులిచ్చినా దీవెన రావడం మానలేదు. పైకెక్కాక అంకమ్మ కోసిచ్చే పుచ్చకాయ ముక్క తింటూ, వంతెన మీద గాలికి నిలబడితే ఆమెకి ప్రాణం లేచొచ్చినట్టుండేది. ఆదివారం ఆరాధనలో కూడా అంత హాయిగా ఉండేది కాదు. ఆ సంగతి తలుచుకుంటే కొంచెం భయం కూడా వేసేది.

ఈ సంగతి పాస్టరు సమాధానం గారి చెవిన పడింది. ఆయన మంచివారు. పేరు సమాధానమే గానీ, కమిటీకి ఎదురు సమాధానం చెప్పి ఎరగరు. ఒక ఆదివారం ప్రసంగం మధ్యలో, "మన పిల్లలు వంతెన దగ్గర బండ్లు తోస్తున్నారు. నాకు చాలా సంతోషంగా ఉంది" అన్నారు. అక్కడే కొంప మునిగింది.

సంఘం కార్యదర్శి జ్ఞానానందం గారు లేచి నిలబడ్డారు. ఆయన ఉద్యోగమంతా కోర్టులోనే చేసి రిటైరయ్యారు. ఆయన రిటైరయ్యారన్న సంగతి కోర్టుకి తెలుసు గానీ ఆయనకింకా పూర్తిగా తెలియదు. ప్రార్థన వేళకి కొట్టే చిన్న ఇత్తడి గంటని ఎప్పుడూ తన ముందే పెట్టుకుంటారు. దాన్ని ఒకసారి మోగించి, గొంతు సవరించుకున్నారు.

"అయ్యగారికి మనవి. సదరు యవ్వనస్తులు సదరు వంతెనపై సదరు బండిని తోసినట్లు మన దృష్టికి వచ్చియున్నది. సంతోషం. అయితే దీనికి సాక్ష్యమేది?"

ఇక్కడ ఒక్క మాట చెప్పుకోవాలి. సీయోను కొండ సంఘంలో, ఆ మాటకొస్తే ఏ సంఘంలోనైనా, సాక్ష్యం చెప్పడమంటే దేవుడు తనకి చేసిన మేలు నలుగురి ముందూ నిలబడి చెప్పుకోవడం. కామెర్లు తగ్గినా, కొడుక్కి ఉద్యోగం వచ్చినా, పోయిన గేదె ఇంటికొచ్చినా జనం లేచి సాక్ష్యం చెబుతారు. వినేవాళ్ళు స్తోత్రమంటారు. దానికి పత్రం లేదు, ప్రమాణం లేదు. చిన్నప్పటినుంచీ అందులోనే పెరిగిన పిల్లలకి ఆ మాటకి ఇంకో అర్థం ఉందన్న ధ్యాసే ఉండదు. జ్ఞానానందం గారికేమో రెండో అర్థమే మొదట తడుతుంది.

ఆ సాయంత్రమే కమిటీ కూర్చుంది. యవ్వనస్తులు చేస్తున్న పనికి వీధి దయా పరిచర్య అని పేరు పెట్టింది. పసుపు పచ్చ కోట్లు కుట్టించింది. వీపు మీద 'దయ' అని పెద్ద అక్షరాలు అద్దించింది. చివర జ్ఞానానందం గారు గంట కొట్టి తీర్మానం చదివారు.

"ఇకమీదట దయ పొందిన ప్రతి వ్యక్తి ఆదివారం ఆరాధనకు స్వయముగా హాజరై, తాను పొందిన దయను గూర్చి సాక్ష్యమియ్యవలెను. సాక్ష్యం లేని దయ దయగా పరిగణింపబడదు."

దీవెనకి అందులో తప్పేమీ కనబడలేదు. అంకమ్మక్క ఆదివారం వస్తే బాగుంటుందని, తన పక్కన కూర్చోబెట్టుకోవచ్చని కూడా అనుకుంది.

సోమవారం పొద్దున మొదట దొరికినవాడు ఖాసిం. ఆటో యథాప్రకారం వాలు మధ్యలో ఆగి దగ్గుతోంది. పసుపు కోట్లు వేసుకున్న పిల్లలు తోసి పైకెక్కించారు. ఖాసిం సంతోషపడి బీడీ ముట్టించుకోబోతుండగా ఎలీషా నవ్వుతూ దగ్గరికెళ్ళాడు.

"ఖాసింభాయ్, ఆదివారం మా చర్చికొచ్చి సాక్ష్యం చెప్పాలి."

బీడీ జారి కింద పడింది. "ఏం సాచ్చికం? నేనేం చూళ్ళేదే."

"చూడ్డం కాదు భాయ్. ఇప్పుడు జరిగింది చెప్పడమే."

"ఇప్పుడేం జరిగింది? ఏం జరగలా. నేను అసలీ దారినే రాలా" అన్నాడు ఖాసిం. అంతవరకూ ముక్కుతూ మూలుగుతూ ఎక్కిన ఆటో వాలు దిగడంలో మాత్రం అంబులెన్సుని మించిపోయింది.

దీవెన అంకమ్మతో నెమ్మదిగా చెబుదామనుకుంది. పైకెక్కాక, పుచ్చకాయ ముక్క చేతిలోకి తీసుకుని, సాక్ష్యం మాట ఎత్తింది. అంకమ్మ చేతిలో కత్తి ఆగిపోయింది.

"ఏం కేసమ్మాయ్?"

"కేసు కాదక్కా. ఊరికే సాక్ష్యం."

"కేసు లేకుండా సాచ్చికమేంది? నన్ను ఎర్రిదాన్ని చేయబాక." అంకమ్మ కత్తిని గోనెపట్టాకి తుడిచింది. "మా ఆయన చూడు, గట్టు కాడ ఇద్దరు కొట్టుకుంటంటే చూశాడు. చూసినోడు ఊరుకోక, చూశానన్నాడు. ఇక అంతే. వాయిదాకి పో, వాయిదాకి రా. కూలి పోయింది, చెప్పులు అరిగినయ్. ఆఖరికి ఏమైంది? కొట్టుకున్నోళ్ళిద్దరూ పిల్లనిచ్చుకుని వియ్యంకులయ్యారు. రాజీ పడ్డారు. ఈయన్ని మాత్రం మా ఇంటి గొడవ కోర్టులో చెప్పావంటా ఇద్దరూ కలిసి తిడతన్నారు. మా ఇంట్లో ఆ మాటే ఎత్తం."

"ఇది అలాంటిది కాదక్కా, ఒట్టు."

"నువ్వు మంచిదానివే. అయినా సాచ్చికం అడగబాక. అడక్కపోతే రోజూ కాయ కోసిస్తా."

ఆదివారం వచ్చింది. వేదిక పక్కన ఒక కర్ర స్టూలు వేయించి, జ్ఞానానందం గారు తలుపు దగ్గర నిలబడ్డారు. వీధిలోకి తిరిగి, కోర్టు బంట్రోతు పిలిచినట్టు రాగం తీస్తూ, "పుచ్చకాయల అంకమ్మా, అంకమ్మా, అంకమ్మా" అని మూడుసార్లు పిలిచారు. "ఆటో ఖాసిం, ఖాసిం, ఖాసిం" అన్నారు. వీధిలో పడుకున్న కుక్క లేచి ఇంకో వీధిలోకి పోయి పడుకుంది. మరెవరూ కదల్లేదు.

కమిటీ మళ్ళీ కూర్చుంది. సాక్షులు రాకపోవడానికి కారణం ఏమై ఉంటుందని తీవ్రంగా ఆలోచించింది. షామియానాల వ్యాపారం చేసే సంఘ పెద్ద విక్టర్‌బాబు గారు, దయ చాలకపోవడమే కారణమన్నారు. ఇంకా ఎక్కువ దయ చూపిస్తే మొహమాటానికైనా వస్తారని ఆయన నమ్మకం. జ్ఞానానందం గారు తల అడ్డంగా తిప్పారు.

"లోపము దయలో లేదు. రుజువులో ఉన్నది. దయ పొందినవాడు ఎన్నడూ స్వతంత్ర సాక్షి కానేరడు. వానికి అందులో లాభమున్నది. మనకు కావలసినది ప్రత్యక్ష సాక్షులు, గౌరవనీయులు, సంఘటనతో సంబంధము లేనివారు."

అంతటి గౌరవనీయులు ఊళ్ళో ఎవరున్నారా అని చుట్టూ చూస్తే కమిటీయే కనిపించింది.

మర్నాడు తెల్లారేసరికి వంతెన మీద షామియానా లేచింది. సగం రోడ్డు అది తింది. తక్కిన సగంలో కొంత కుర్చీలు తిన్నాయి. పెద్దలంతా తెల్ల బట్టలు కట్టుకుని, గొడుగులు పట్టుకుని, షామియానా కింద గొడుగులెందుకని ఎవరూ అడగనందున వాటిని విప్పుకునే కూర్చున్నారు. సాక్షులు సరిగ్గా చూస్తున్నారో లేదో చూడటానికి ఒకరిని, ఆయన నిద్రపోకుండా చూడటానికి మరొకరిని నియమించారు. దీవెనకి సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

వాలు కింద అంకమ్మ బండి కనిపించింది. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది, కాయలు నిండా ఉన్నాయి. ఇంత జనాన్ని చూసి ఏదో పెళ్ళనుకుందో ఏమో, తాడు భుజాన వేసుకుంది. దీవెన వెనక చేరింది.

జ్ఞానానందం గారు గంట మోగించారు. "సాక్షులు సిద్ధమేనా?"

"సిద్ధము."

"దయ ప్రారంభింపవచ్చును."

దీవెన తోసింది. బండి కదిలి షామియానా దాకా వచ్చింది. అక్కడ దారి లేదు. అంకమ్మ పక్కకి లాగింది. చక్రం షామియానా తాడుకి తగులుకుంది. బండి ఒరిగింది. అందరికంటే పైనున్న కాయ ఒకటి నింపాదిగా కదిలి, అంచు దాకా వచ్చి, దూకింది.

"పట్టుకోండి సార్" అని దీవెన అరిచింది. రెండు చేతులూ బండికే ఉన్నాయి మరి.

కాయ విక్టర్‌బాబు గారి వైపే వస్తోంది. ఆయన చేయి చాచబోయారు.

"ఆగండి" అన్నారు జ్ఞానానందం గారు. "సాక్షి సంఘటనను చూడవలెనే గాని అందులో పాల్గొనరాదు. ముట్టుకొంటిరా, మీ సాక్ష్యం చెల్లదు."

విక్టర్‌బాబు గారు చెయ్యి వెనక్కి తీసుకుని, కాయ పోవడానికి వీలుగా రెండు కాళ్ళూ మర్యాదగా పైకెత్తారు. కాయ కుర్చీ కిందుగా దూరి వాలు పట్టుకుంది. దాని వెనక రెండోది, దాని వెనక మిగతావి. పెద్దలందరూ వరసగా కాళ్ళెత్తారు. పాలవాడు సైకిలు వదిలేసి పిట్టగోడ ఎక్కాడు. ఎలీషా కాయల వెంటపడి కిందిదాకా పరిగెత్తాడు గానీ, పుచ్చకాయలు గిటారు వాయించే వాళ్ళకంటే వేగంగా దొర్లుతాయి. వంతెన కింద రోడ్డంతా ఎర్రబారింది. చుట్టుపక్కల మేకలన్నీ అక్కడే చేరాయి. మేకలు మాత్రం సాక్ష్యం గొడవ లేకుండా దయ పొందాయి.

"అద్భుతంగా చూచితిమి" అన్నారు విక్టర్‌బాబు గారు.

అంకమ్మ ఖాళీ బండిలో తాడు చుట్టి పెట్టుకుంది. దీవెన ఏడుపు ఆపుకుంటూ నిలబడింది.

"నీ మీద కోపం లేదమ్మాయ్" అంది అంకమ్మ. "నువ్వు తోస్తే నాకు ధైర్యమే. నీ ఎనకాలున్నోళ్ళంటేనే బయ్యం. రేపట్నుంచి నేను గేటు దారినే పోతాలే."

ఆ మాట దీవెన గుండెలో ముల్లులా దిగింది. గేటు దారంటే ఆ ఎండలో ఎంత దూరమో, అంకమ్మ మోకాళ్ళు ఎట్లా వాస్తాయో ఆమెకి తెలుసు. ఆలస్యంగా పోతే రైతుబజారులో నీడ పట్టున చోటు దొరకదనీ తెలుసు. తను మొదట ఆ బండి మీద చెయ్యి వెయ్యకుండా ఉంటేనే అంకమ్మకి మేలు జరిగేదేమో అనిపించి, ఆ రాత్రి అన్నం సహించలేదు.

ఊళ్ళో ఏదో పెద్ద కేసు నడుస్తోందని, పసుపు కోట్లవాళ్ళు సాక్షుల్ని ఏరుతున్నారని గుప్పుమంది. పోలీసు స్టేషను నుంచి ఎస్సై గారే దిగారు. మందిరం వరండాలో టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"మా పరిధిలో, మాకు ఇంటిమేషన్ లేకుండా, సాక్షుల సమీకరణ జరుగుతున్నట్టు సమాచారం. నేరం ఏంటి?"

"నేరము కాదు. దయ" అన్నారు జ్ఞానానందం గారు.

ఎస్సై గారు ఆలోచించారు. "దయ ఏ సెక్షన్ కిందికొస్తుంది?"

జ్ఞానానందం గారు కూడా ఆలోచించారు. వాళ్ళిద్దరూ ఒకరినొకరు ఎంత బాగా అర్థం చేసుకున్నారంటే, టీలు రెండు విడతలు వచ్చాయి. పోతూ పోతూ ఎస్సై గారు గొంతు తగ్గించి, మీ పద్ధతేదో ఫలిస్తే మాకూ చెప్పండి, మాకు హత్యలకే సాక్షులు దొరకడం లేదన్నారు. జీపు మందిరం ముందు అంతసేపు ఆగడం వీధి వీధంతా చూసింది. ఇక అనుమానమేమీ మిగల్లేదు.

అప్పటినుంచి ఊళ్ళో సాయం కావలసినవాడంటూ కనబడకుండా పోయాడు. పసుపు కోటు మలుపు తిరిగిందంటే చాలు, ఆగిన ఆటోలు వాటంతటవే స్టార్టయ్యేవి. సంచులు మోయలేక మెట్ల మీద కూలబడ్డ ముసలమ్మలు సంచులు నెత్తిన పెట్టుకుని చకచకా నడిచిపోయేవారు. రోడ్డు దాటలేక కర్రతో నిలబడ్డ పెద్దాయన ఒకాయన, ఎలీషా రెండు చేతులూ చాచి రావడం చూసి, కర్రని చంకన పెట్టుకుని లారీల మధ్యలోంచి దౌడు తీశాడు. దాహంతో ఉన్నవాడు కూడా నీళ్ళ గ్లాసు కనబడగానే, ఇప్పుడే తాగొచ్చానని నోరు తుడుచుకునేవాడు. పసుపు కోట్లకి దొరకకూడదని జనం ఒకళ్ళ బండి ఒకళ్ళు గబగబా తోసుకునేవారు, ఒకళ్ళ సంచి ఒకళ్ళు అందుకునేవారు. ఊళ్ళో అంత సఖ్యత ఎన్నడూ ఎవరూ చూడలేదు.

కమిటీ ఆనందానికి హద్దు లేదు. "మన పరిచర్య ఫలితముగా ఊరిలో అవసరత అనునదే అంతరించినది" అని జ్ఞానానందం గారు ప్రకటించారు. కర్ర పెద్దాయన పరుగు స్వస్థత కింద జమ అయింది. అందరూ స్తోత్రమన్నారు. దీవెన ఒక్కతే నోరు కదల్చలేదు.

ఆమె మనసంతా గేటు దగ్గరే ఉంది. ఒకరోజు ఉండబట్టలేక, కోటు ఇంట్లో విప్పి పడేసి, అటు వెళ్ళింది. గూడ్సు బండి ఆగి ఉంది. అంకమ్మ బండి నీడలోనే కూర్చుని, కొంగుతో విసురుకుంటూ, మోకాళ్ళు నొక్కుకుంటోంది. దీవెనని చూడగానే మొదట ఆమె వీపు చూసింది. అక్కడ 'దయ' లేదని రూఢి చేసుకుని నవ్వింది.

"అక్కా, వంతెన మీదికే పోదాం. మధ్యాన్నం పెద్దలు పడుకుంటారు. షామియానా ఖాళీ."

"సాచ్చికం?"

"లేదు."

"నువ్వు తోసినట్టు నీకైనా తెలీకూడదు మరి."

"నాకు మాత్రం ఎందుకు తెలుస్తుంది?" అంది దీవెన. ఇద్దరూ నవ్వుకుంటూ వంతెనకి తిరిగారు. తాడు ముందు, చున్నీ వెనక, బండి మధ్యలో. పైకెక్కి గాలికి నిలబడ్డాక దీవెనకి పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

పెద్దలు పడుకున్న మాట నిజమే. కానీ విక్టర్‌బాబు గారు షామియానా కిందే, కుర్చీలో పడుకున్నారు. బండి చక్రాల చప్పుడికి ఒక కన్ను తెరిచి, మళ్ళీ మూసి, ఆ ఒక్క కంటితో చూసినది సాయంత్రం జ్ఞానానందం గారికి విన్నవించారు.

అభియోగం సిద్ధమైంది. అనుమతి లేకుండా, కోటు లేకుండా, సాక్షులు లేని వేళ చూసి, ఉద్దేశపూర్వకంగా దయ చేయుట. ఆదివారం ఆరాధన అయ్యాక విచారణ. నేరం రుజువైతే యూత్ నుంచి వెలి, పాటల బృందం నుంచి తొలగింపు, వంతెన వైపు వెళ్ళరాదని ఆజ్ఞ. మొదటి రెండూ విని దీవెన వాళ్ళమ్మ ఏడ్చింది. మూడోది విని దీవెన ఏడ్చింది.

శనివారం ఎలీషా వంతెన మీదికెళ్ళి అంకమ్మతో, ఖాసింతో సంగతి చెప్పాడు. అంకమ్మ నమ్మలేదు.

"సాయం చేసిందని కేసా?"

"అవునక్కా. చేసిందని రుజువైతే శిక్ష."

అంకమ్మ తాడు చుట్టుకుంటూ, "రేపు ఎన్ని గంటలకి పిలుస్తారు?" అని అడిగింది. ఖాసిం ఆమె వైపు పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. ఆమె ఇంట్లో ఆ మాటే ఎత్తరని వాడికీ తెలుసు.

ఆదివారం మందిరం కిటకిటలాడింది. దీవెన స్టూలు పక్కన తల వంచుకుని నిలబడింది. సమాధానం గారు కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నారు. జ్ఞానానందం గారు అలవాటు కొద్దీ తలుపు దగ్గరికెళ్ళి, ఎవరూ రారని తెలిసిన గొంతుతో, "పుచ్చకాయల అంకమ్మా" అన్నారు.

"ఆయ్" అని పలికింది వీధి.

రెండోసారి పిలవడానికి తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. అంకమ్మ ఉతికిన చీర కట్టుకుని మెట్లెక్కుతోంది. వెనక ఖాసిం, ఆ వెనక పాలవాడు, కర్ర పెద్దాయన, సంచుల ముసలమ్మలు. వంతెన వంతెనంతా కదిలొచ్చింది. అంకమ్మని దాటుకుని ముందుకొచ్చిన ఖాసిం దీవెన పక్కగా వెళుతూ, "బయపడబాక దీవెనమ్మా, నువ్వెవరో నాకు తెలవదులే" అని అందరికీ వినబడేంత రహస్యంగా చెప్పాడు.

జ్ఞానానందం గారికి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఇంతమంది సాక్షుల్ని ఆయన సర్వీసులో ఏ కేసులోనూ చూడలేదు. గంట మోగించారు.

"ఆటో ఖాసిం. ఈ అమ్మాయి నీ ఆటోను తోసినదా?"

"నాకు తెలవదు సార్. నేను లోపల కూకుని ఎదరకి చూస్తా. డ్రైవరన్నోడు ఎదరకే చూడాల."

పాలవాడు కూడా ఎదరకే చూస్తానన్నాడు. కర్ర పెద్దాయన తనకి చూపే ఆనదన్నాడు. ముసలమ్మలు సంచి నెత్తిన ఉంటే తల తిప్పడం కుదరదన్నారు. జ్ఞానానందం గారి నుదుట చెమట పట్టింది. చివరికి అంకమ్మ స్టూలు దగ్గరికొచ్చింది. తన కోసం ఆమె ఏ భయాన్ని దాటి వచ్చిందో దీవెనకి తెలుసు.

"సాక్షి అంకమ్మ. ఈ అమ్మాయి నీ బండిని వంతెన ఎక్కించినదా, లేదా?"

"ఎనకాల ఎవురున్నారో నాకెట్టా తెలుసుద్ది సార్? నేను ముందుండి లాగుతా. ఎనక్కి చూడను. చూస్తే బండి ఎనక్కొచ్చుద్ది."

"నిండు బండి ఆ ఎత్తు దానంతట అది ఎక్కునా?"

"నా వల్లయితే కాదు. అదైతే ఎక్కుతానే ఉండాది." అంకమ్మ గోడ మీద శిలువ వైపు చూసి, మళ్ళీ ఆయన వైపు చూసింది. "మీ దేవుడే తోస్తన్నాడేమో. ఆయన్ని పిలిచి అడగండి."

అప్పుడు, జీవితంలో మొదటిసారి, సమాధానం గారు కమిటీకి ఎదురుగా లేచి నిలబడ్డారు. "స్తోత్రం" అన్నారు. సంఘమంతా స్తోత్రమంది. వెనక వరసలో ఎలీషా గిటారు అందుకున్నాడు.

కమిటీ అక్కడికక్కడే సమావేశమైంది. ప్రత్యక్ష సాక్షులందరూ ఏకగ్రీవంగా చెప్పినదాన్ని బట్టి, అమ్మాయి ఎన్నడూ ఎవరికీ ఏ సాయమూ చేయలేదని తేలింది. విక్టర్‌బాబు గారు చూసినది ఒక్క కంటితో, అదీ నిద్రలో, కనుక చెల్లదన్నారు. కనుక నిర్దోషి. అయితే బండి ఎక్కిన మాట వాస్తవం. తోసినవారు లేరు. కనుక అది అద్భుతం. జ్ఞానానందం గారు కన్నీళ్ళతో గంట వాయించారు, ఈసారి ఎందుకో ఆపలేకపోయారు. వీధి దయా పరిచర్య ఆ రోజుతో రద్దయింది. దాని స్థానంలో నడిచే బండి మహాసభలు ప్రకటించారు. విక్టర్‌బాబు గారు వంతెన మీద షామియానా పీకించి, మందిరం ఆవరణలో వేయించారు. పసుపు కోట్లు వెనక్కి తీసుకుని, వాటిని కలిపి కుట్టి షామియానా ముందు తోరణం కట్టారు. పెద్దలందరూ రోజూ పొద్దున్నే అక్కడ కూర్చుని, ఆ బండి ఎట్లా ఎక్కి ఉంటుందా అని చర్చించసాగారు. దాన్ని చూసిరావడానికి వంతెన దాకా వెళ్ళే తీరిక ఎవరికీ లేకపోయింది.

వంతెన ఖాళీగా ఉంది. పొద్దు పొడుస్తుండగా అంకమ్మ బండి వాలు కిందికొచ్చి ఆగింది. ఆమె తాడు భుజాన వేసుకుంది. వెనక ఎవరో టిఫిను డబ్బా కాయల మధ్య పెట్టిన చప్పుడైంది. బండి కదిలింది. సగం దూరం పోయాక, అసలు ఏటవాలు వచ్చేచోట, చక్రం తడబడింది.

అంకమ్మ వెనక్కి తిరగలేదు. "ఎనకాల ఎవురూ లేరు గదా?" అని అడిగింది.

"ఎవరూ లేరక్కా" అంది దీవెన.

"అయితే ఇంకాస్త గట్టిగా తొయ్యి."